పెద్ద కన్నుల వల

“నడుమల నెట్టు పోతే ఎట్లనే బిడ్డా?” అన్నది లక్ష్మీనర్సమ్మ.

అప్పటికింకా ఏదీ మొదలు కాలేదు. నెట్టు ఉంది, కరెంటు ఉంది, నెత్తిమీద ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. ఎండ కంప్యూటర్ తెర మీద పడకుండా స్నేహలత కిటికీకి పాతచీర అడ్డం కడుతోంది.

“పోదు అమ్మా.”

“పోతే?”

“పోతే మళ్ల వస్తది.”

“రాకపోతే?”

స్నేహలత ముడి బిగించి నవ్వింది. “మెట్ల కాడ గోడకు గా డబ్బా చూసినవా, పచ్చలైటు కొట్టుకుంటాంది? నెట్టు దాన్లకెల్లే వస్తది. కింద స్విచ్చి ఉన్నది. ఎవ్వరు ముట్టకుండ కాపలా కాయి. నీకిదే పని. లోపలికి మాత్రం రాకు.”

కాపలా అంటే ఆమెకు పుట్టినప్పటినుంచీ తెలిసిన పనే. తలుపు దగ్గరికి వేసి, పైమెట్టు మీద కొంగు పరుచుకుని, డబ్బాకు ఎదురుగా కూర్చున్నది. పచ్చలైటు కొట్టుకుంటోంది, బాలింత గొర్రె కడుపు ఎగిసిపడ్డట్టు. ఇది కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలం. హైదరాబాదులో హాస్టళ్లు మూసేస్తే పిల్ల పెట్టె సర్దుకుని ఇల్లు చేరింది, ఊళ్లోనేమో వాటర్ ట్యాంకు ఎక్కితే తప్ప ఫోన్లో మాట నిలవదు, అందుకే పొద్దున పది దాటితే పోలీసులు రోడ్డెక్కనివ్వరని తెల్లవారగానే ఆటో పట్టుకుని కొత్తకోటకు, వరుసకు ఆడబిడ్డ అయిన శోభ ఇంటి మేడగదికి వచ్చారు. కింద శోభ కుట్టుమిషన్లు ఆపేసింది. “వదినా, గంటసేపు నా సంసారం ఆపిన, పిల్ల పాసైతే జాకెట్టుబట్ట నువ్వే కొనాలె” అన్నది. పాసైతే. ఆ మాటలో ఉన్న ‘అయితే’ లక్ష్మీనర్సమ్మ గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. ఆరేళ్ల పీహెచ్‌డీ చదువుకు ఇది ఆఖరి పరీక్ష. ఐదు ఊళ్లలో ఉన్న ఐదుగురు పెద్దవాళ్లు ఆ తెర మీద కూర్చుని ఒక్కొక్కరే అడుగుతారు. గట్టెక్కితే ఈ నెలలోనే పట్టా, పట్టా చూపిస్తే చెన్నైలో ఒక సంస్థలో ఉద్యోగం. గట్టెక్కకపోతే ఆ జాగాలో ఇంకెవరో కూర్చుంటారు. రాసే పరీక్ష అయితే ఆమెకింత ఫికర్ ఉండేది కాదు. రాయడంలో పిల్లకు తిరుగు లేదు. ఇది నోటితో చెప్పేది. నోటితో చెప్పాలంటేనే కదా భయం.

లోపల ఇంగ్లీషు సాగుతోంది. గైడు గ్రేస్ మేడం గొంతు మెత్తగా ఉంది, ఇందాక తలుపు వేయకముందు తెర మీదినుంచే “అమ్మా, మీరు ఛాయ్ తాగి హాయిగా కూసోండి” అన్నది, నల్లగొండ మనిషేనట, ఆ యాస వినగానే కొంచెం ధైర్యం వచ్చింది. తెల్లగడ్డం సారు ఒకాయన మాత్రం పలకరింపుకు తల కూడా ఊపలేదు, కళ్లజోడు మీదినుంచి చూశాడు, అంతే. పశువును కొనడానికి వచ్చి పళ్లు చూడకముందే బేరగాడు చూసే చూపు. ఇప్పుడు స్నేహలత మాట్లాడుతోంది, కాలువనీళ్లలాగా, ఒకే ఎత్తులో, ఎక్కడా తట్టుకోకుండా. ఎంత బాగా మాట్లాడుతోంది. ఇదే పిల్లను బళ్లో వేసిన ఏడాది పంతులు పిలిపించి “అమ్మా, మీ బిడ్డకు చెవులు వినబడుతయా?” అని అడిగాడు. పేరడిగితే చెప్పదు. రెండు రెండ్లు ఎంతంటే చూస్తూ నిలబడుతుంది. ఆయన వేరే పిల్లను అడిగి, ఇంకో పిల్లను కొట్టి, బోర్డు తుడిచి వెనక్కి తిరిగేసరికి “నాలుగు” అంటుంది. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోతే డాక్టరు నాలుక చూశాడు, గొంతు చూశాడు, అన్నీ బాగున్నయన్నాడు. అన్నీ బాగుంటే ఎందుకు చెప్పదు సారూ అంటే, మీరు చెప్పనిస్తలేరేమో అన్నాడు. ఆయనకేం తెలుసు. తల్లి ఊరుకుంటే ఊరంతా మూగదంటుంది. అందుకే ఎవరేమడిగినా తనే చెప్పేది, పేరు స్నేహలత, మూడో తరగతి, అన్నం తిన్నది, సిగ్గు ఎక్కువ. హాస్టలు సీటుకు పోతే అక్కడి మేడం పిల్లను అడిగిన ప్రతిదానికీ తనే జవాబు చెప్పేసరికి ఆమె కలం పక్కన పెట్టి “సీటు మీకు కావాల్నా, పిల్లకా?” అన్నది. గదిలో అందరూ నవ్వారు. స్నేహలత కూడా నవ్వింది. నవ్వి, చాలాసేపటికి, ఎవరూ అడగకుండానే, “నాకే” అన్నది. సీటిచ్చారు.

ఆ చాలాసేపు, పిల్ల ఏం చేస్తుంటుందో తనకు ఒక్కసారే కొద్దిగా తెలిసింది. ఒకనాడు బట్టలు ఉతికి ఆఖరి బకెట్టులో తను నీలం చుక్క వేసింది. ఐదేళ్ల పిల్ల బకెట్టు అంచు పట్టుకుని వంగింది. చుక్క కిందికి దిగుతూ, దారాలు దారాలుగా విచ్చుకుంటూ, ఎవరూ కలపకుండానే తనంత తానే పలుచబడుతూ పోతోంది. జరుగే, జాడించాలె, అంటే జరగదు. వీపు మీద ఒక్కటేసినా జరగలేదు. నీళ్లన్నీ ఒకటే రంగయ్యాక తలెత్తి అడిగింది, “అమ్మా, చుక్క ఎప్పుడు పోయింది?” ఎప్పుడు పోయిందేమిటి, కరిగింది. “కరిగినప్పుడు కాదు. గీడ ఇంకా చుక్క ఉన్నది, గీడ లేదు, అనేది ఎప్పుడు?” లక్ష్మీనర్సమ్మకు ఒళ్లు మండింది, తర్వాత ఒళ్లు జలదరించింది. ఏడో తరగతి చదివిన తను ఆ ప్రశ్నకు ఏం చెప్పగలదు. చొక్కాలు ముంచి పిండేసింది. ఆ బకెట్టు దగ్గర మొదలైన పిల్ల ఇప్పుడు ఐదు ఊళ్ల పెద్దవాళ్లకు దాన్నే చెబుతోంది. పేర్లు మారాయి, చుక్క మాత్రం అదే. ఆ సంగతి తనకు తెలుసు, ఎందుకంటే మొన్న పిల్లే చెప్పింది.

ఒడిలో ఫోను గుర్రుమన్నది. పెనిమిటి బీరన్న. ఆయన మందతో హాలియా దిక్కున ఉన్నాడు, వరి కోసిన మళ్లలో గొర్లను మేపుతూ, రైతుల పొలాల్లో రాత్రికి మంద నిలుపుతూ. ఆ దిక్కు జ్వరాలు ఎక్కువున్నాయంటున్నారు, మూతికి గుడ్డ కట్టుకో అంటే గొర్లు గుర్తుపట్టవు అంటాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎత్తింది.

“మాట్లాడుతాందా?” అన్నాడు.

“మాట్లాడుతాంది.”

“ఎవరు, పిల్లనా, నువ్వా?”

“నీకు ఎగతాళి గావట్టిందా. నేను బయటున్న.”

“బయటున్నవా? అయితే పాసైతది తియ్యి.” వెనకాల గొర్లు అరుస్తున్నాయి. “చుక్కల గొర్రె ఈనింది. పొట్టేలు పిల్ల. చెప్పు బిడ్డకు.”

“ఇప్పుడెట్ల చెప్త? పెట్టు ఫోను.”

పెట్టేశాడు. ఎన్ని గొర్ల అరుపులు, ఒకదాని మీద ఒకటి పడి, ఏదీ వినబడనివ్వకుండా. పిల్ల మొన్న ఇదే కదా అన్నది. మధ్యాహ్నం పశువుల కొట్టం నీడలో తను రాత్రిపూట మంద చుట్టూ కట్టే చినిగిన వల ముందేసుకుని కూర్చుంటే పక్కన చేరి, అసలేం చదువుతున్నవో ఒక్కసారన్నా నాకర్థమయ్యేటట్టు చెప్పవే అంటే, అలవాటు ప్రకారం చాలాసేపు చెప్పకుండా కూర్చుని, తను రెండు ముడులు వేసేదాకా ఆగి, అప్పుడు చెప్పింది. “అమ్మా, ఏమీ లేని జాగా అంటం చూడు, అది ఖాళీ కాదు. దగ్గరికి పోయి చూస్తే కుతకుత ఉడుకుతుంటది. ఎంత దగ్గరికి పోతే అంత లొల్లి. కొలవబోతే లెక్క అంతులేకుండ పోతది.” మరి ఎట్ల? “అందుకే జాగా మీద వల పరుస్తం. గీ వల తీరుగనే. ముడికి ముడికి నడుమ ఉండే కన్నుల ఏమున్నదో అడగం, ముడి కాడ ఏమున్నదో అదే లెక్క. లెక్కలు పెద్ద మిషన్లు చేస్తయి, నెలలకు నెలలు. అయినా లొల్లే ఉంటది, మందల నిలబడి ఒక్క పిల్ల అరుపు విననీకె చూసినట్టు. అప్పుడు పారిస్తం.” ఏం పారిస్తరు? స్నేహలత కళ్లు మెరిశాయి. “ఉన్నదాన్నే. దానంతట దాన్ని చదును కానిస్తం, ఎత్తులున్నకాడ దిగుతది, గుంతలున్నకాడ నిండుతది. నీలం చుక్క యాదికున్నదా? గట్ల. అది పారే కాలం గడియారంల ఉండదు. ఆ కాలం మేం పెట్టుకున్నది, చదును చేయనీకె.” గడియారంలో లేని కాలం. లక్ష్మీనర్సమ్మకు ఆ మాట ఎంత నచ్చిందంటే చేతిలో సూది అలాగే ఆగిపోయింది. అట్లాంటి కాలం ఒకటి ఉందని తనకు తెలుసు, పేరు మాత్రం తెలియదు. అత్త పోయినప్పటి ఏడుపు, మొదటి కాన్పు నిలవనప్పటి కడుపుకోత, ఒకప్పుడు ముట్టుకుంటే కోసుకుపోయేవి ఇప్పుడు చేత్తో తడిమితే తగులుతాయి కానీ కోయవు. వాటిని అరగదీసింది క్యాలెండరు కాదు. అదే అడిగింది, అన్నీ చదునైపోతయా బిడ్డా అని. “పోవమ్మా. కొన్ని ముడులుంటయి. ఎంత పారించినా విడువయి. లొల్లి అంతా అణిగినంక అవే బయటపడుతయి, లెక్కపెడితే ఒకటి, రెండు అని నిండుగ వస్తయి, సగం ముడి అని ఉండదు.” లక్ష్మీనర్సమ్మ మనసులోనే లెక్కపెట్టింది. నిలవని ఆ మొదటి కాన్పు ఒకటి. నిండుగా ఒకటి. సగం కాదు. ఈ పిల్లకు ఇవన్నీ ఎవరు చెప్పారు, ఏ దేవుడు ఈ చిన్న తలకాయలో ఇంత జాగా పెట్టాడు.

మరి ఎంతసేపు పారించాలె అని అడిగింది, ఊరికే, పిల్ల ఇంకా మాట్లాడాలని. అప్పుడు పిల్ల ముఖం మారింది. “అదే అమ్మా అసలు కష్టం. తక్కువ పారిస్తే లొల్లి పోదు. ఎక్కువ పారిస్తే మేం దేవులాడేది గూడ కరిగిపోతది. చదునైన మేర వల కన్నుకంటె పెద్దగుండాలె, దేవులాడేదానికంటె చిన్నగుండాలె. ఆ రెంటి నడుమ కొంచెం జాగా దొరుకుతది. దాన్ని కిటికీ అంటం, ఇంగ్లీషుల విండో. ఆ కిటికీల నిలబడి కొలిచి, అక్కణ్ణుంచి ఎనకకు గీత గీసుకుంట పోవాలె, ఏమీ పారించకముందు ఎంతుండెనో అక్కడిదాక.” నాలుగు వలలు వేసిందట, పెద్ద కన్నులది ఒకటి, తర్వాత చిన్నవి, చిన్నవి, ఇంకా చిన్నవి. నాలుగింటి జవాబులు ఒకే గీత మీద పడితే పని నిలిచినట్టు. పడ్డాయి కదా? పడ్డాయి. మరి ఎందుకే ముఖం అట్ల పెట్టినవు? చాలాసేపు. రెండు ముడులు, మూడు ముడులు. “పెద్ద కన్నుల వల ఉన్నది చూడు, దాన్ల కిటికీ ఉన్నదో లేదో నాకే గుబులు. కన్నే అంత పెద్దగున్నంక నడుమ జాగా ఏడికెల్లి వస్తది? చుక్కలు గీత మీద పడ్డయని పెట్టిన. పడుడు వేరు, నిలుసుడు వేరు. తీసేస్తె మూడే మిగుల్తయి. ఏడాది పని అమ్మా అది.” పెద్ద కన్నుల వల సంగతి లక్ష్మీనర్సమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. బీరన్న ఒకసారి చవకని కొనుక్కొచ్చాడు, పొద్దున లేచేసరికి గొర్రెపిల్లలన్నీ వల బయట, ఒకటి నక్క నోట. అయినా తనేమన్నది? ఉండనియ్యి, అన్నది. “అడగకపోతె చెప్పకు. అడిగితె ఉన్నదని చెప్పు. ఎవడొచ్చి చూస్తడు నీ వలల?” స్నేహలత తల్లి చేతిలోంచి సూది తీసుకుని తెగిన కన్ను ఒకటి తనే కట్టింది.

లోపల కాలువ ఆగింది.

లక్ష్మీనర్సమ్మ తల ఎత్తింది. పిల్ల గొంతు లేదు. ఇంకో గొంతు, బొంగురుగా, తొందరలేకుండా, తెల్లగడ్డం సారుది అయి ఉండాలి. పొడుగ్గా ఏదో చెప్పుకుంటూ పోయాడు, ఒక్క ముక్కా తెలియలేదు, చివర మాత్రం ప్రశ్న లేచినట్టు లేచి ఒక మాట వినబడింది. విండో. మళ్లీ అన్నాడు, ఎనీ విండో. అని ఆగిపోయాడు.

ఎవరూ మాట్లాడటం లేదు. కింద మిషన్లు ఆగి ఉన్నాయి, హైవే మీద ఆక్సిజన్ లారీలు కూడా ఆ పొద్దు ఎక్కడికి పోయాయో, ఎప్పుడూ హోరెత్తే రోడ్డు చచ్చినట్టు పడి ఉంది. అడిగేశాడు. ఏది అడగకూడదో అదే అడిగాడు. చెప్పు బిడ్డా, ఉన్నది సార్ అని చెప్పు, ఒక్క మాట. చెప్పదు. బడిలో నిలబడ్డట్టు నిలబడిపోయింది. ఆ సారుకు తెలియదు కదా, ఈ పిల్ల ఇంతేనని, బోర్డు తుడిచి వెనక్కి తిరిగేదాకా ఆగాలని. రాదనుకుంటాడు. రాయించుకున్నదనుకుంటాడు. గొర్లకాపరి బిడ్డ అని కాగితంలో ఎక్కడన్నా ఉందేమో, ఓహో అనుకుంటాడు. లేకపోతే, లేకపోతే తన మాటే పిల్ల గొంతులో అడ్డం పడిందేమో. ఉన్నదని చెప్పమన్నది తను. తల్లి మాట ఒకవైపు, తనకు తెలిసింది ఒకవైపు, రెండింటి నడుమ పిల్ల నలుగుతోందేమో. ఎందుకన్నది ఆ మాట, నోరు ఊరుకోదు కదా, ఇన్నేళ్లు పిల్ల నోట్లోంచి తనే మాట్లాడింది, చివరికి ఈ గదిలోకి కూడా, రాకు అన్నా వినకుండా, తన మాటను పంపింది. పచ్చలైటు కొట్టుకుంటోంది. దాని కింద స్విచ్చి. లక్ష్మీనర్సమ్మ లేచింది. లేచినట్టు తనకే తెలియలేదు. ఒక్కసారి కిందికి నొక్కితే తెర నల్లబడుతుంది, పాపం నెట్టు పోయింది, పల్లెటూరు కదా అనుకుంటారు, ఇంకో రోజు పెడతారు, ఆలోగా పిల్ల ఏదో ఒకటి తేల్చుకుంటుంది, ఎవరూ మూగదనరు, ఎవరూ నవ్వరు. నడుమల నెట్టు పోతే ఎట్ల అని పొద్దున భయపడ్డది తనే. పోతే బాగుండునని ఇప్పుడు వేలు స్విచ్చి మీద పెట్టింది కూడా తనే. ప్లాస్టిక్కు వెచ్చగా ఉంది.

“స్నేహా,” గ్రేస్ మేడం గొంతు, మెత్తగా, “నెక్స్ట్ క్వశ్చన్ కి పోదామా? ఇది తర్వాత చూద్దాం.”

దేవత లాంటిది. సరే అను బిడ్డా. సరే మేడం అను.

“వన్ మినిట్ మేడం,” అన్నది స్నేహలత. “ఆలోచిస్తున్న.”

గొంతు వణకలేదు. చీకట్లో తడుముకునే మనిషి గొంతు కాదది, కంది చేనులో వంగి కలుపు తీస్తున్నవాళ్లను ఎవరో పిలిస్తే, వస్తున్న, ఈ సాలు అయిపోనీ, అన్నట్టుగా ఉంది. మళ్లీ ఏమీ లేదు. అదే మౌనం, ఇంతకు ముందుదే, కానీ లక్ష్మీనర్సమ్మ చెవిలో అది మారిపోయింది. ఏమీ లేని జాగా ఖాళీ కాదు అమ్మా. బకెట్టు అంచు పట్టుకుని వంగిన వీపు. తను కొట్టినా కదలని వీపు. ఇన్నేళ్లూ ఆ మౌనంలోకి తను రాళ్లు వేస్తూ వచ్చింది, పేరు, తరగతి, అన్నం తిన్నది, సిగ్గు ఎక్కువ. ఒక్కనాడూ చుక్కను దానంతట దాన్ని విచ్చుకోనివ్వలేదు. అయినా పిల్ల తన కాలం తను దాచుకున్నది, తల్లికి, పంతులుకు, గడియారానికి అందకుండా ఎక్కడో దాచుకుని, దాన్నే చదువు చేసుకున్నది. ఇప్పుడు ఐదుగురు పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఆ కాలంలో నడుస్తోంది, తొందర లేకుండా, వెనక్కి గీత గీసుకుంటూ, ఏదీ కలపకముందు ఉన్నదాని దాకా. ఎంత ధైర్యం. ఈ ధైర్యం తన కడుపులోంచి వచ్చిందంటే ఎవరు నమ్ముతారు, తనే నమ్మదు. వేలు స్విచ్చి మీదినుంచి తీసింది. చెమట అంటుకుని ఉంటే కొంగుతో ఆ స్విచ్చి తుడిచింది, తుడిచేటప్పుడు ఎక్కడ నొక్కుకుపోతుందోనని అదొక భయం. మెట్టు మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల నడుమ బిగించుకున్నది. ఉన్నదని చెప్పినా నా బిడ్డే, లేదని చెప్పినా నా బిడ్డే, ఏదీ చెప్పకుండా లేచి వచ్చినా అన్నం పెడతా. పచ్చలైటు కొట్టుకుంటోంది. తను కూడా ఊపిరిని దాంతోపాటు తీసుకుంటోందని గమనించింది. తన నోరు ఇంతసేపు ఊరుకోవడం తనకే కొత్తగా ఉంది, కొత్తగొంగడి కప్పుకున్నట్టు, గరుకుగా, వెచ్చగా.

లోపల కుర్చీ కొంచెం జరిగిన చప్పుడు.

“నో సర్,” అన్నది స్నేహలత. “ద బిగ్గెస్ట్ వన్ హ్యాజ్ నో విండో. ఐ విల్ రిమూవ్ ఇట్. రిమైనింగ్ త్రీ ఆర్ ఇనఫ్ సర్.”